గేదె ఊపిరితిత్తుల్లో హైడాటిడ్ తిత్తులు: కబేళా తనిఖీలో ఒక కేసు

ఆడ గేదె. పళ్ల అరుగుదల, కొమ్ము మీది వలయాలను బట్టి వయసు తొమ్మిది పదేళ్లు. బరువు సుమారు 380 కిలోలు. పాలు ఎండిపోయి, మళ్లీ చూలుకు రాదని తేలాక 1977 నాటి రాష్ట్ర పశుసంరక్షణ చట్టం ప్రకారం కోతకు ధ్రువపత్రం పొంది, సంత మీదుగా మున్సిపల్ కబేళాకు చేరిన తొమ్మిది గేదెల మందలో ఇదొకటి. చెవికి పసుపు రంగు పన్నెండంకెల ట్యాగ్ ఉంది. కోతకు ముందు పరీక్షలో జ్వరం లేదు, దగ్గు లేదు, నెమరు మామూలుగా ఉంది, ఊపిరి నిమిషానికి 22 సార్లు. కాస్త బక్కగా ఉందన్నది ఒక్కటే రాసుకోదగ్గ విషయం. ఈడుడిగిన పాడిగేదెల్లో అది మామూలే.

హైడాటిడ్ అంటే కుక్క పేగులో ఉండే ఒక బద్దెపురుగు పిల్లదశ పశువు అవయవాల్లో నీటి తిత్తులుగా పెరిగే జబ్బు. ఇలాంటి గేదెలో దాన్ని బతికుండగా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. తిత్తులు ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి, ఊపిరితిత్తుల్లో చోటు చేసుకుంటూ పోతాయి, పశువు బయటికి ఏమీ చూపించదు. చిన్న దూడల్లో తిత్తులు ఉన్నా తరచు కంటికి, చేతికి అందనంత చిన్నవిగా ఉంటాయి. అందుకే మొత్తం భారం కోత తర్వాతి తనిఖీ మీదే పడుతుంది. ఆ తనిఖీ మనుషుల ఆరోగ్యానికి ఉపయోగపడాలంటే రెండు పనులు జరగాలి: తిత్తిని పట్టుకోవాలి, పట్టుకున్న అవయవం కుక్క నోటికి చేరకుండా చూడాలి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే తనిఖీ చేయనట్టే లెక్క.

ఈ జబ్బు తెచ్చే బద్దెపురుగు ఎకినోకాకస్ గ్రాన్యులోసస్. ఎదిగిన పురుగు ఉండేది కుక్క చిన్నపేగులో, పొడవు 2 నుంచి 7 మిల్లీమీటర్లు, సాధారణంగా మూడు నాలుగు ఖండాలే. ఒక్క కుక్కలో వేల పురుగులు ఉండొచ్చు. కుక్క పేడతో పడిన గుడ్లు గడ్డి మీద, నీటిలో చేరి గేదె, ఆవు, గొర్రె, మేక కడుపులోకి పోతాయి. పేగు గోడను తొలుచుకుని రక్తంలో పడిన పిండం ముందు కాలేయంలో, అక్కడ ఆగకపోతే ఊపిరితిత్తుల్లో చిక్కుకుని నీటి తిత్తిగా మారుతుంది. మనిషికి కూడా ఇదే దారిలో, అంటే కుక్క నుంచి వచ్చిన గుడ్ల వల్లే వస్తుంది. తిత్తి ఉన్న మాంసం ముట్టుకుంటేనో, తింటేనో హైడాటిడ్ రాదు. ఈ ఒక్క విషయం కబేళా సిబ్బందికీ, మాంసం దుకాణాల వాళ్లకూ స్పష్టంగా తెలియక భయం ఒకచోట, నిర్లక్ష్యం ఇంకోచోట పెరుగుతున్నాయి. కర్నూలు ప్రాంతంలో మనుషుల్లో ఈ జబ్బు వ్యాప్తి మీద 1968లోనే పరిశోధన వ్యాసం అచ్చయింది. మన దేశంలో ఈ కేసులు ఎక్కువగా కనిపించే ప్రాంతాల్లో ఆంధ్ర, తమిళనాడు పేర్లు ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి.

కోత లైను మీద ఏం కనిపించింది

పొట్ట తెరిచి, గుండె, ఊపిరితిత్తులు, కాలేయం బయటికి తీశాక వాటిని కడగకుండానే కొక్కేనికి వేలాడదీశారు. కడిగితే రక్తపు మరకలు పోయి శుభ్రంగా కనిపిస్తాయి నిజమే, కానీ నీటి ఒత్తిడికి పల్చటి తిత్తి పగిలితే లోపలి ద్రవమంతా నేల మీదికి, అక్కడి నుంచి కాలువలోకి పోతుంది.

కంటికి ముందుగా ఆనినవి మూడు. ఎడమ ఊపిరితిత్తి వెనక తమ్మెలో (తమ్మె అంటే ఊపిరితిత్తిలో ఒక విడి భాగం, లోబ్) 6 సెంటీమీటర్లది ఒకటి, 4 సెంటీమీటర్లది ఒకటి. కుడి వెనక తమ్మెలో 3 సెంటీమీటర్లది. పైపొర కింద బూడిద రంగులో ఉబ్బెత్తుగా, నొక్కితే బిగుతుగా ఉన్నాయి. ఇక్కడితో ఆపి "మూడు తిత్తులు" అని రాసేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అసలు పని చేతిది. బొటనవేలు ఒక వైపు, మిగతా నాలుగు వేళ్లు రెండో వైపు పెట్టి, ముందు తమ్మె కొస నుంచి వెనక తమ్మె అంచు దాకా అంగుళం అంగుళం నొక్కుతూ పోవాలి. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి వేళ్ల కింద మెత్తగా అణిగిపోతుంది. తిత్తి అణగదు, వేళ్ల మధ్య గుండ్రంగా జారుతుంది. అలా నొక్కుతూ పోతే కుడి వెనక తమ్మెలో లోతుగా ఒకటిన్నర సెంటీమీటర్ల తిత్తులు మరో రెండు దొరికాయి. మొత్తం ఐదు.

వెనక తమ్మె పై అంచు, అంటే వెన్నెముక వైపు మందంగా ఉండే భాగం, తప్పిపోయే తిత్తులకు నిలయం. అక్కడ మందం ఎక్కువ కావడంతో వేళ్లు కలవవు. కాబట్టి నొక్కి చూడటం పూర్తయ్యాక, ఆ తమ్మె చివరి మూడో వంతులో దాని పొడవుకు అడ్డంగా ఒక కోత పెట్టాలి. కోత తర్వాత నొక్కడం కాదు, నొక్కిన తర్వాతే కోత. ముందే కోస్తే చేతికి తగలని తిత్తిని కత్తి చీల్చేస్తుంది.

ఇంకో ఇబ్బంది మెడ కోత వల్ల వస్తుంది. కోసిన వెంటనే పశువు పీల్చిన రక్తం ఊపిరితిత్తుల్లో ముదురు ఎర్రటి మచ్చలుగా గడ్డకడుతుంది, అక్కడ వేలికి కాస్త గట్టిగా తగులుతుంది. అది తిత్తి కాదు, అంచు స్పష్టంగా ఉండదు. ముసలి గేదెల్లో గాలి నిండి ఉబ్బిన బుడగలు కూడా ఉంటాయి. అవి నొక్కితే కరకరమంటాయి, తేలిగ్గా ఉంటాయి. తిత్తిలో నీటి బరువు ఉంటుంది.

కాలేయంలో రెండు. డయాఫ్రం వైపు మందపాటి గోడ ఉన్న 5 సెంటీమీటర్ల తిత్తి ఒకటి, కాలేయం లోపల 2 సెంటీమీటర్ల గట్టి ముద్ద ఒకటి. ముద్దను కోస్తే కత్తికి ఇసుక తగిలినట్టు శబ్దం వచ్చింది, సున్నం పేరుకుపోయిన పాత తిత్తి అది. పిత్తనాళాలను కూడా కోసి నొక్కారు. కాలేయపు జలగలు రాలేదు, నాళాల గోడలు దళసరిగా లేవు. ప్లీహం, మూత్రపిండాలు, గుండె శుభ్రం. గుండెను నిలువుగా చీల్చి, రెండు గదుల మధ్య గోడను కూడా కోసి చూశారు.

ఆహారనాళం మీది తెల్లటి గింజలు

ఈ కేసులో లైను సిబ్బందిని తికమక పెట్టింది తిత్తులు కాదు. ఆహారనాళం కండరంలో, నాలుక మొదట్లో అర సెంటీమీటరు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవున్న తెల్లటి, రెండు కొసలూ సన్నగా ఉన్న గింజలు డజనుకు పైగా కనిపించాయి. తాత్కాలిక చీటీ మీద "బద్దెపురుగు తిత్తులు, కండరం" అని రాశారు. ఆ మాటకు పర్యవసానం చిన్నది కాదు. సిస్టిసెర్కస్ బోవిస్, అంటే మనిషి పేగులో పెరిగే టీనియా సాజినేటా పురుగు పిల్లదశ, కండరంలో నిజంగా ఉంటే తీర్పు మొత్తం శరీరం మీద పడుతుంది. విస్తారంగా ఉంటే మొత్తం మాంసాన్నీ పారేయాలి, కొద్దిగా ఉంటే గడ్డకట్టించి విడుదల చేయాలి.

అందుకే ఆ మాంసాన్ని పక్కన నిలిపి, కండరాల తనిఖీ పూర్తిగా చేశారు. బయటి దవడ కండరంలో కింది దవడకు సమాంతరంగా రెండు కోతలు, లోపలి దవడ కండరంలో ఒకటి. ప్రతి కోతా కండరం మొత్తం మందం తెరుచుకునేలా పెట్టాలి, పైపైన గీస్తే ప్రయోజనం లేదు. నాలుకను విడదీసి నొక్కి చూశారు. డయాఫ్రం కండరపు భాగాన్ని పొర తీసి వెలుతురుకు పట్టారు. భుజం కండరంలో మోచేతికి పైన అదనంగా కోతలు పెట్టారు. ఎక్కడా నీటి బుడగ లేదు.

తేడా ఇది. సిస్టిసెర్కస్ బోవిస్ బతికున్నప్పుడు పారదర్శకంగా, నీటితో, సుమారు 5 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటుంది. లోపల ఒకే ఒక్క తెల్లటి చుక్క కనిపిస్తుంది, అది పురుగు తల. ఆ చుక్కను రెండు గాజు పలకల మధ్య నొక్కి చూస్తే నాలుగు పీల్చుడు గుంటలు కనిపిస్తాయి, కొక్కేలు ఉండవు. ఈ గేదెలో దొరికిన గింజను కోస్తే పాలలాంటి ముద్ద వచ్చింది. దాన్ని స్లయిడు మీద పూసి గీమ్సా రంగు వేస్తే అరటిపండు ఆకారంలో వేలాది సూక్ష్మజీవులు. అది సార్కోసిస్టిస్ ఫ్యూజిఫార్మిస్. బద్దెపురుగు కాదు, ఏకకణజీవి. పిల్లి ద్వారా వ్యాపిస్తుంది. మన గేదెల ఆహారనాళాల్లో ఇది చాలా మామూలు, బద్దెపురుగుగా పొరబడటమూ అంతే మామూలు. ఒక్క స్లయిడు చూస్తే తేలే విషయానికి శరీరం మొత్తాన్ని తిరస్కరించడం యజమానికి అన్యాయం. నిజమైన సిస్టిసెర్కస్‌ను "ఇవి గేదెల్లో ఉండేవేలే" అని వదిలేయడం తినేవాళ్లకు అన్యాయం. ఆహారనాళాన్నీ, నాలుక మొదలునూ కోసి తిరస్కరించారు, మిగతా కండరానికి అభ్యంతరం లేదు.

తిత్తిలో ప్రాణం ఉందా

తిత్తులున్న అవయవాలను లైను మీద కోయకుండా, అంచులున్న స్టీలు ట్రేలో తనిఖీ గదికి తెచ్చారు. చేతి తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి. తిత్తి లోపల ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, సూది దిగగానే ద్రవం మొహం మీదికి చిమ్మగలదు.

18 గేజి సూది, 50 మిల్లీలీటర్ల సిరంజితో ఒక్కో తిత్తిలోని ద్రవం లాగారు. 6 సెంటీమీటర్ల తిత్తి నుంచి రెండు విడతలుగా సుమారు 60 మిల్లీలీటర్లు, నీళ్లలా తేటగా. 4 సెంటీమీటర్ల దాని నుంచి 20 మిల్లీలీటర్లు, అదీ తేటే. 3 సెంటీమీటర్ల దాని నుంచి 7 మిల్లీలీటర్లు. కాలేయం తిత్తి ద్రవం పసుపుపచ్చగా, మడ్డిగా ఉంది. ద్రవం తీశాక తిత్తిని చీల్చి చూస్తే, పశువు శరీరం కట్టిన గట్టి పీచు గోడ నుంచి లోపలి తెల్లటి పొర తాటి ముంజలా జారి ఊడి వచ్చింది. ఆ పొర ఊడి రావడమే హైడాటిడ్‌కు నమ్మదగ్గ గుర్తు. చీముగడ్డలో అది ఉండదు. క్షయ గడ్డలోనూ ఉండదు. పాతబడి జున్నులా మారిన తిత్తి క్షయను పోలి ఉన్నప్పుడు దగ్గరి లింఫ్ గ్రంథుల్ని కోయాలి. క్షయలో అవి కూడా చెడి ఉంటాయి. ఈ గేదెలో శ్వాసనాళాల దగ్గరివీ, రెండు ఊపిరితిత్తుల మధ్యవీ మామూలుగానే ఉన్నాయి.

ద్రవాన్ని శంఖాకారపు గొట్టంలో అరగంట నిలబెడితే ప్రాణమున్న తిత్తిలో సన్నటి ఇసుక అడుగుకు చేరుతుంది. ఆ మడ్డి ఒక చుక్క, 0.1 శాతం ఇయోసిన్ ద్రావణం ఒక చుక్క స్లయిడు మీద కలిపి, ఐదు నిమిషాలు ఆగి, ముందు చిన్న లెన్సుతోనూ తర్వాత 40 రెట్ల లెన్సుతోనూ చూడాలి. ఆ ఇసుక నిజానికి ప్రోటోస్కోలెక్సులు, అంటే కుక్క పేగులో పురుగులుగా ఎదగగల సూక్ష్మమైన పురుగు తలలు. చచ్చిన ప్రోటోస్కోలెక్సు ఇయోసిన్‌ను పీల్చుకుని ఎర్రబడుతుంది, బతికున్నది రంగు ఎక్కకుండా నిలుస్తుంది. లోపల రెండు వరుసల కొక్కేలు, సున్నపు చుక్కలు కనిపిస్తాయి. 6 సెంటీమీటర్ల తిత్తిలో లెక్కపెట్టిన 100లో 78 రంగెక్కలేదు. 4 సెంటీమీటర్ల దానిలో కొన్నే ఉన్నాయి, వాటిలో ఎక్కువ బతికున్నవే. 3 సెంటీమీటర్ల తిత్తి ద్రవంలో ఏమీ లేదు.

అయితే ద్రవం ఒక్కటే చూసి "వట్టి తిత్తి" అని తేల్చకూడదు. ప్రోటోస్కోలెక్సులు చిన్న సంచుల్లో లోపలి గోడకే అతుక్కుని ఉండొచ్చు. కత్తి మొద్దు అంచుతో గోడ లోపలి ముఖాన్ని గీకి, ఆ గీకుడును కూడా స్లయిడు మీద చూశాకే ఆ మాట రాయాలి. 3 సెంటీమీటర్ల తిత్తి గీకుడులోనూ ఏమీ రాలేదు, అది నిజంగా వట్టిదే. ఒకటిన్నర సెంటీమీటర్ల రెండూ వట్టివే. కాలేయం తిత్తిలో విడిపోయిన కొక్కేలు మాత్రం కొన్ని కనిపించాయి, అంటే ఒకప్పుడు ప్రాణం ఉండి చచ్చిపోయిన తిత్తి.

జన్యు పరీక్ష కావాలంటే గోడ ముక్కనూ, మడ్డినీ 70 శాతం ఇథనాల్‌లో పెట్టాలి. ఫార్మాలిన్‌లో పెడితే కణజాల పరీక్షకు పనికొస్తుంది కానీ డీఎన్ఏ పాడవుతుంది. ఈ రెండు సీసాలూ తారుమారు కావడం తరచు జరిగే పొరపాటు, మూత మీద కాదు సీసా ఒంటి మీదే పెన్సిల్‌తో చీటీ రాసి అంటించాలి. మన దేశపు గేదెల్లో ఈ పురుగు జన్యు రకాల్లో జీ1, జీ3 అనేవి నమోదయ్యాయి. రెండూ మనిషికి సోకేవే.

"పశువుల్లో తిత్తులు ఎక్కువగా వట్టివే, అంత పట్టించుకోనక్కర్లేదు" అనే మాట పుస్తకాల నుంచి వచ్చింది. ఆవుల విషయంలో అది చాలావరకు నిజం. గేదెల విషయంలో దాన్ని నమ్ముకోకూడదు. వాటి ఊపిరితిత్తుల్లో ప్రాణమున్న తిత్తులు తరచు దొరుకుతాయి, ఈ కేసులో రెండు దొరికాయి. 78 శాతం బతికున్న ఇసుకతో నిండిన ఒక తిత్తి ఒక కుక్కకు చాలు.

తీర్పు, తర్వాత అవయవం ప్రయాణం

ఊపిరితిత్తులు, కాలేయం మొత్తంగా తిరస్కారం. కాలేయంలో తిత్తి ఉన్న భాగం కోసేసి మిగతా కలేజీని అమ్ముకుంటామని అడుగుతారు. లోపల రెండో తిత్తి దాగి ఉండటం ఈ కేసులోనే చూశాం, అందుకే ముక్క కోసి విడుదల చేయలేదు. కండరంలో నీరు పట్టడం, రంగు మారడం, విపరీతమైన కృశత్వం లేవు. మాంసం విడుదల చేయదగ్గది. కత్తులను 82 డిగ్రీల నీటిలో ముంచి తీశారు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. తిరస్కరించిన అవయవాన్ని డబ్బాలో వేసిన క్షణం నుంచి దాన్ని ఎవరూ చూడరు. మూత లేని డబ్బా, సాయంత్రం దాకా గోడ పక్కన. గోడకు కంత. ప్రహరీ బయట కుక్కలు. ఊపిరితిత్తులకు ధర లేదు కాబట్టి కుక్కలకు పెడతామని అడిగి పట్టుకెళ్లేవాళ్లు కూడా ఉంటారు. పైకి శుభ్రంగా కనిపించే ఊపిరితిత్తిని కూడా పచ్చిగా కుక్కకు ఇవ్వకూడదు, ఈ గేదెలోని రెండు చిన్న తిత్తులు పైకి కనిపించనివే.

రెండరింగ్ యంత్రం (వ్యర్థ అవయవాలను ఒత్తిడితో ఉడికించేది) ఉన్నచోట 50 మిల్లీమీటర్లకు మించని ముక్కలు చేసి 133 డిగ్రీలు, 3 బార్ ఒత్తిడి, 20 నిమిషాలు. అది లేని మున్సిపల్ కబేళాలే మనకు ఎక్కువ. అక్కడ ఆచరణకు వచ్చేది ఉడకబెట్టడం. నీరు కాగడం మొదలైన దగ్గర్నుంచి 30 నిమిషాలు ఆపకుండా మరిగితే గొర్రె కాలేయం, ఊపిరితిత్తుల్లోని ప్రోటోస్కోలెక్సులు చచ్చిపోతాయని 2014లో ప్రచురితమైన పరిశోధన చూపించింది. గేదె అవయవం అంతకంటే మందం, కాబట్టి ముందు ముక్కలు చేయాలి, ముక్కలు చేసేది కూడా ఆ గిన్నెలోనే. పూడ్చితే కనీసం రెండు మీటర్ల లోతు, పైన పొడి సున్నం, గుంట చుట్టూ కంచె, రోజూ మట్టి కప్పాలి. అర మీటరు గుంటలో పూడ్చినది తెల్లారేసరికి బయట ఉంటుంది. ఈ కేసులో అవయవాలను ముక్కలు చేసి 45 నిమిషాలు మరిగించి, తర్వాత గుంటలో వేశారు. ట్రే కడిగిన నీరూ ఆ గిన్నెలోకే పోసి మరిగించారు.

రికార్డులో రాసినవి: తేదీ, ట్యాగ్ అంకెలు, వయసు, ఏ సంత, ఏ అవయవంలో ఎన్ని, కొలత, ప్రాణమున్నవి ఎన్ని, వట్టివి ఎన్ని, సున్నం పట్టినవి ఎన్ని, అవయవాన్ని ఏం చేశారు, ఎవరి ఎదుట చేశారు. ట్యాగ్ అంకెలను చర్మం ఒలిచేముందే రాసుకోవాలి. ఒలిచేటప్పుడు చెవితోపాటు అది చర్మాల కుప్పలోకి పోతుంది, అక్కడితో ఆ గేదె ఏ ఊరిదో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. సంతలో రెండు మూడు చేతులు మారిన గేదెకు వ్యాపారి చెప్పే ఊరు నమ్మదగ్గది కాదు. తిత్తి అంటుకుని ఏళ్లు గడిచి ఉంటాయి.

వేగం గురించి ఒక మాట. 2001 నాటి కబేళా నిబంధనలు ఒక పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 పశువులకు మించి పరీక్షించకూడదని చెబుతాయి. ఊపిరితిత్తులను రెండు వైపులా వేళ్లతో పూర్తిగా నొక్కడానికి రెండు నిమిషాలు పడుతుంది. పండగ ముందు రోజుల్లో లైను పరుగెత్తితే మొదట ఎగిరిపోయేది ఆ రెండు నిమిషాలే. తిత్తుల లెక్క పండగ రోజుల్లో తగ్గినట్టు రిజిస్టరులో కనిపిస్తే, తగ్గింది జబ్బు కాదు.

మందలోని మిగతావి, చుట్టుపక్కల కుక్కలు

ఒక గేదెలో ప్రాణమున్న తిత్తి దొరికాక అదే మందలోని మిగతా ఎనిమిదింటి ఊపిరితిత్తులను లైను నుంచి తప్పించి, విడి బల్ల మీద నొక్కి చూశారు. మరో రెండింటిలో తిత్తులు దొరికాయి. ఒకదానిలో సున్నం పట్టిన చిన్నది, ఇంకోదానిలో 2 సెంటీమీటర్ల వట్టి తిత్తి. రెండూ వెనక తమ్మెల్లోనే, రెండూ పైకి కనిపించనివే.

కబేళా పరిసరాల కుక్కలకు ప్రాజిక్వాంటెల్, కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, ఒకే మోతాదుగా మేతలో కలిపి పెట్టించారు. తిత్తి తిన్న కుక్క గుడ్లు వదలడానికి ఆరు వారాల పైన పడుతుంది, కాబట్టి ఆరు వారాలకొకసారి వేస్తే గుడ్లు బయటికి రావడానికి ముందే పురుగు పోతుంది. మూడు నెలలకొకసారి వేస్తే మధ్యలో సుమారు ఆరు వారాలు గుడ్లు బయటికి వచ్చే వీలుంటుంది. మందు పురుగును చంపుతుంది, గుడ్లను చంపదు. వేసిన తర్వాత రెండు రోజులు కుక్కను కట్టేసి ఉంచి, ఆ పేడను కాల్చాలి. వీధి కుక్కల విషయంలో అది సాధ్యం కాదు, అందుకే డబ్బాకు మూత ఉండటం, ప్రహరీకి కంత లేకపోవడం మందు కంటే ముందు రావాలి. ఈ కేసు నివేదికతో పాటు మున్సిపాలిటీకి పంపిన పనుల జాబితాలో ఆ రెండే మొదట ఉన్నాయి. మూడోది, జాతరల్లో, ఇళ్ల ముందు కోసే గొర్రెలు, మేకల లోపలి అవయవాలను సేకరించడానికి ఒక బండి. తనిఖీ చేయి తగలని తిత్తులు ఎక్కువగా ఉండేది అక్కడే.